మద్రాసులో తయారైన ఇంగ్లీషు కారు

ఇంగ్లండు పాత కార్లంటే రోల్స్ రాయిస్, జాగ్వార్ పేర్లే ముందు తోస్తాయి. అవి రాజుల సొత్తు. మా ఏరియూరు లాంటి ఊళ్ళవాళ్ళ చేతికందేది స్టాండర్డ్ హెరాల్డే. మా ఇంట్లోనూ ఒకటి కొందామా అని మాట నడస్తా ఉంది.

ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చిన ఈ కారును 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు తయారుచేశారు. ఇటలీవాడు మికెలొట్టి గీసిన రూపం, 948 సీసీ ఇంజను. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారునూ ఆయనే గీశాడు. దాని చాసిస్‌కు మూలం హెరాల్డే. మన సంసారపు బండికీ ఆ జోరు బండికీ చుట్టరికం ఉందన్నమాట.

కొనేముందు పెయింటు మెరుపు కాదు, కింద చాసిస్‌కు పట్టిన తుప్పు చూడాల. ఆర్‌సీలోని ఇంజను, చాసిస్ నంబర్లు బండి మీదవాటితో కలవాల. 2021 నియమాల ప్రకారం, 50 ఏళ్ళు దాటి అసలు రూపం మారని బండిని 20,000 రూపాయలు కట్టి వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఆపైన ర్యాలీ, ప్రదర్శన, పెట్రోలు, రిపేరు లాంటి పనులకే రోడ్డెక్కించాల. అవ్వను కూర్చోబెట్టుకొని పెళ్ళికి పోయేదానికి కుదరదు.

అందుకే, వాకిట్లో చూసుకునే బొమ్మ కావాలో, ఇంటిల్లిపాదినీ మోసే బండి కావాలో మనం ముందే తేల్చుకోవాల.