బటను నొక్కితే గేరు పడిన రోజులు



పాతకాలపు బస్సులో ప్రయాణం చేసిన పెద్దలకు ఒక చప్పుడు గుర్తుండే ఉంటుంది. నాందేడ్ నుంచి దెగ్లూరు మీదుగా మద్నూరు వైపు బస్సు వస్తూ ఉంటే, ఎత్తు ఎక్కే చోట డ్రైవరు క్లచ్చి ఒకసారి తొక్కి వదిలేవాడు. ఇంజనును కాస్త రేపి, మళ్ళీ క్లచ్చి తొక్కి గేరు మార్చేవాడు. దీన్ని డబుల్ క్లచ్చి అనేవారు. అదను తప్పిందా, ఇనుప పళ్ళు ఒకదాన్నొకటి కొరికిన మోతకు వెనక సీటులో కునుకుతున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచేవారు.

నాందేడ్ ఆనాడు హైదరాబాదు రాజ్యంలోని జిల్లా. 1932 జూన్‌లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలయింది. ఆ తొలినాటి బస్సులు స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బండ్లు. అలాంటి బండిని ఒకదాన్ని ‘డక్కన్ క్వీన్’ అనే పేరుతో మన ఆర్టీసీ వారు కాపాడుకుంటూ వచ్చారు. ఆ బండ్లలో గేరు వేయడం చేతి నేర్పు, చెవి నేర్పు కూడాను. మంచి డ్రైవరు ఇంజను గొంతు విని గేరు వేసేవాడు.

ఈ తిప్పలు లేకుండా గేరు దానంతట అదే పడితే బాగుండునని ప్రపంచంలో చాలామంది ఇంజనీర్లు ఆలోచించారు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1939లో హైడ్రామేటిక్ అనే గేరు పెట్టెను 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లకు అమర్చి అమ్మకానికి పెట్టారు. క్లచ్చి పెడలు పోయింది. గేర్లు మార్చే పని నూనె ఒత్తిడి చూసుకుంది. డ్రైవరుకు మిగిలింది, ముందుకా, వెనకకా, న్యూట్రలా అని చెప్పడమే. ఆ చెప్పడానికి స్టీరింగు కింద ఒక చిన్న లివరు ఉండేది.

ఆ లివరు కూడా ఎందుకు, రేడియో మీట నొక్కినట్టు నొక్కితే చాలదా అన్నారు క్రైస్లర్ కంపెనీ వారు. 1956 మోడలు కార్లలో స్టీరింగుకు ఎడమ పక్కన, డ్యాష్‌బోర్డు మీద వరసగా బటన్లు పెట్టారు. రివర్సుకు ఒకటి, న్యూట్రలుకు ఒకటి, ముందుకు పోవడానికి ఒకటి, లో గేరుకు ఒకటి. మొదట రెండు గేర్ల పవర్‌ఫ్లైట్, ఆ వెంటనే మూడు గేర్ల టార్క్‌ఫ్లైట్ ఈ బటన్లతోనే నడిచాయి.

ఇందులో విద్యుత్తు మాయ ఏమీ లేదు. బటను వెనక ఒక ఉక్కు తీగ. మన సైకిలు బ్రేకు కేబులు లాంటిదే, కాకపోతే లాగడమే కాదు, నెట్టడం కూడా చేస్తుంది. అది గేరు పెట్టెలోని ఒక వాల్వును ముందుకో వెనకకో జరుపుతుంది. తక్కిన పనంతా నూనెది. అంత సాదా కాబట్టే అది చాలాకాలం నిలిచింది.

ప్యాకార్డ్ కంపెనీ వారు అదే 1956 మోడలులో తీగకు బదులు విద్యుత్ మోటారు పెట్టారు. ఫోర్డు వారి ఎడ్సెల్ కారు 1958 మోడలులో బటన్లు స్టీరింగు మధ్యలోకి, హారను ఉండవలసిన చోటికి వచ్చాయి. ఈ రెండూ ఎక్కువకాలం నిలవలేదు. సోవియట్ రష్యాలో పెద్దల కోసం తయారైన చాయ్‌కా కారులో కూడా బటన్ల గేరే ఉండేది. క్రైస్లర్ వారు మాత్రం 1964 మోడలు దాకా నడిపి, 1965 నుంచి లివరుకు తిరిగి వచ్చారు. బటను చెడ్డదై కాదు. తక్కిన కంపెనీల కార్లన్నిటిలో లివరే ఉండడంతో జనం చేతులు దానికే అలవాటు పడడం ఒక కారణం.

మరి మన దేశంలో ఈ కార్ల కథ ఏమిటి? వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు బొంబాయిలోని కుర్లాలో క్రైస్లర్ వారితో ఒప్పందం మీద డాడ్జి, ప్లిమత్ కార్లను, ఫార్గో లారీలను కూర్చేవారు. ఆ లారీలను మన ప్రాంతపు మిస్త్రీలు చక్కగా ఎరుగుదురు. కాని అవి చేతి గేరు బండ్లు. 1928 నుంచి బొంబాయిలో కార్లు కూర్చిన జనరల్ మోటార్స్ వారు 1954లో మూటాముల్లె కట్టుకున్నారు. ఇక్కడే పూర్తిగా తయారు చేసే పథకం లేని విదేశీ కంపెనీలకు చోటు లేదన్నది ఆనాటి ప్రభుత్వ విధానం. దిగుమతులూ బిగిశాయి. కాబట్టి బటను గేరు కార్లు వచ్చినా ఒకటీ అరా, రాయబార కార్యాలయాల ద్వారానో, విదేశాల నుంచి తిరిగివచ్చినవారి వెంటనో వచ్చాయి. కారు వచ్చింది గాని, దాని వెంట సామాను రాలేదు. రబ్బరు సీలు ఒకటి పోతే, నూనె కారి, లోపలి ప్లేట్లు మాడి, కారు షెడ్డులో కూలబడేది.

అప్పుడు మొదలవుతుంది గేరు పెట్టె మార్పిడి. మిస్త్రీ ముందు మూడు దారులు ఉంటాయి.

మొదటిది, ఉన్న పెట్టెనే విప్పి బాగుచేయడం. సీళ్ళు, ప్లేట్లు, ఫిల్టరు మారిస్తే చాలాసార్లు అది మళ్ళీ లేస్తుంది. ఇది ఓపిక గల దారి. ఈనాడు ఆ సామాను విదేశాల నుంచి తెప్పించుకునే వీలు కూడా ఉంది.

రెండోది, అదే వంశంలోని తర్వాతి పెట్టెను అమర్చడం. 1962 నుంచి పెద్ద కార్లకు వచ్చిన అల్యూమినియం టార్క్‌ఫ్లైట్ తేలిక, గట్టిది కూడాను. 1964 దాకా వచ్చినవాటికి బటన్ల తీగ పడుతుంది. 1966 నుంచి వచ్చిన పెట్టెలు లివరు కోసం, ఇనుప కడ్డీల కోసం చేసినవి. వాటికి పాత తీగను ఉన్నదున్నట్టు తగిలించలేరు. మధ్యలో వేరే అమరిక చేయించాలి, లేదా బటన్లు వదులుకొని లివరు పెట్టాలి.

మూడోది, ఆటోమేటిక్ మాటే మరచి చేతి గేరు పెట్టె బిగించడం. దీనికి క్లచ్చి పెడలు కావాలి, ఫ్లైవీలు మారాలి, ఫ్లోరు కోయాలి. కోసిన రేకు మళ్ళీ అతుక్కోదు. కారు నడుస్తుంది, కాని వెనక్కి వచ్చే దారి దాదాపు మూసుకుపోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. తొలినాటి క్రైస్లర్ బటను కార్లలో పార్కింగు బటను లేదు. హ్యాండ్ బ్రేకు డ్రమ్ము చక్రాలకు కాక, గేరు పెట్టె తోకకు ఉండేది. పాత పెట్టెను దించితే హ్యాండ్ బ్రేకు కూడా దానితోపాటే దిగిపోతుంది. ఇది గమనించకుండా కొత్త పెట్టె బిగిస్తే, వాలులో నిలిపిన కారును ఆపేది ఏమీ ఉండదు. వెనక చక్రాలకు వేరే హ్యాండ్ బ్రేకు ఏర్పాటు అయిన తర్వాతే బండి రోడ్డెక్కాలి.

మరొకటి. బ్యాటరీ దిగితే నలుగురు కలిసి బండిని తోసి స్టార్టు చేయడం మనకు మామూలే. పాత టార్క్‌ఫ్లైట్‌లో వెనకవైపు ఇంకొక నూనె పంపు ఉండేది. చక్రాలు తిరిగితే అది ఒత్తిడి పుట్టించేది, అందువల్ల తోస్తే స్టార్టు అయ్యేది. 1966 మోడలు నుంచి ఆ పంపు తీసేశారు. ఆ పెట్టె బిగించిన కారును ఊరంతా కలిసి తోసినా స్టార్టు కాదు. ఆక్సిలరేటరు నుంచి పెట్టెకు వెళ్ళే కడ్డీ సంగతి కూడా చెప్పాలి. దాని కొలత తప్పితే నూనె ఒత్తిడి చాలక కొత్త ప్లేట్లు కొద్ది రోజుల్లోనే మాడిపోతాయి.

ఇక చట్టం సంగతి. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి పాత బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషను తెచ్చారు. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాల నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు. చాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండరాదని నిబంధన పేరుపెట్టి చెప్పింది. గేరు పెట్టె పేరు అందులో ఎత్తలేదు. అంతమాత్రాన ఇష్టం వచ్చినట్టు మార్చవచ్చునని కాదు. అసలు రూపం అనే మాట ఉండనే ఉంది. బండి మార్పుల గురించి 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షనూ ఉంది. పనికి దిగేముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు.

గేరు పెట్టె మార్చడం తప్పా ఒప్పా అని నన్నడిగితే, మన సరిహద్దు చరిత్రనే ఒకసారి చూడమంటాను. బటన్లు వచ్చిన ఆ 1956లోనే నవంబరు 1న మన జిల్లాలు కూడా చేతులు మారాయి. నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్ళింది. ఆదిలాబాదు నుంచి కిన్వట్ అటు పోయింది. దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళు ఇటు వచ్చాయి. ఏ సర్కిలు ఎక్కడ నుంచి ఎక్కడికి పోయిందో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో పేరుపేరునా రాశారు. అందుకే ఈనాటికీ మన ఊరి పాత దస్తావేజు నాందేడ్‌లో వెతకాలా, నిజామాబాదులో వెతకాలా అంటే ఒక ఆధారం దొరుకుతుంది.

పాత కారుకూ ఇదే వర్తిస్తుంది. నడవని కారును నడిపించుకోవాలనే కోరికలో తప్పు లేదు. దించిన పెట్టెను పాత ఇనుము కింద తూకానికి అమ్మేయడం, బటన్లను పిల్లలకు ఆటవస్తువులుగా ఇచ్చేయడం, ఏది ఎప్పుడు మార్చామో ఎక్కడా రాయకపోవడం, నష్టమంతా అక్కడే ఉంది. మిస్త్రీ చేతిలోని విద్య మిస్త్రీతోనే పోతుంది. యజమాని గుర్తు యజమానితోనే పోతుంది. తర్వాతి తరం బానెట్ ఎత్తి చూస్తే, ఏది అసలో ఏది అతుకో తేల్చిచెప్పేవారు ఉండరు.

కాబట్టి మీ ఇంటి షెడ్డులో గాని, మీ బంధువుల వాకిట్లో గాని పాత బండి ఏదైనా ఉంటే, అది అమెరికా కారే కానక్కరలేదు, ఫార్గో లారీ అయినా సరే, ఒక నోటుపుస్తకం పెట్టండి. విప్పిన ప్రతి వస్తువుకూ చీటీ కట్టండి. పెట్టె మీద పోతపోసిన నంబరు రాసుకోండి. దించిన పెట్టెను నూనె పూసి, గోనెపట్టా చుట్టి, తడి తగలని మూల ఉంచండి. చేతిపని చేసిన మిస్త్రీ పేరు కూడా ఆ పుస్తకంలో రాయండి. బండి చరిత్రలో ఆయనకూ వాటా ఉంది.