ఇల్లాలి ముఖం, ఇల్లాలి కారు, ఇల్లాలి టీపాట్

కంప్యూటర్ తెర మీద వస్తువులకు వెలుగునీడలు అద్దే విద్యలో తొలినాళ్ళ ప్రసిద్ధ బొమ్మలు మూడున్నాయి. 1971లో ఒక ముఖం, 1972లో ఒక కారు, 1975లో ఒక టీపాట్. మూడూ అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పుట్టినవే. ముఖం ఆన్రీ గూరో భార్య సిల్వీది. కారు ఐవన్ సదర్లాండ్ భార్య మార్షాది. టీపాట్ గీయమన్న సలహా మార్టిన్ న్యూవెల్ భార్య సాండ్రాది. ముగ్గురు మేధావులకూ ముడిసరుకు ఇంట్లోనే దొరికిందన్న సంగతి చదివి నవ్వుకున్నాను. అక్కణ్ణించే ఈ తవ్వకం మొదలైంది.

వెలుగు లెక్క కంప్యూటర్ కంటే చాలా పాతది. 1760లో యోహాన్ హైన్రిక్ లాంబర్ట్ ‘ఫొటోమెట్రియా’ అనే లాటిన్ గ్రంథంలో దాన్ని తేల్చాడు. సున్నం గోడలా మెరుపు లేని తలం మీద కాంతి నిటారుగా పడితే వెలుగు ఎక్కువ, ఏటవాలుగా పడేకొద్దీ తక్కువ. ఎంత తక్కువన్నది ఆ కోణపు కొసైన్ చెబుతుంది. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళు ఈ సూత్రం దీపాల ఇంజనీర్ల దగ్గరా ఖగోళ శాస్త్రజ్ఞుల దగ్గరా కొలువు చేసింది. దాన్ని వాళ్ళకే వదిలేసి మనం యూటా విశ్వవిద్యాలయం ఉన్న సాల్ట్ లేక్ సిటీకి వెళ్దాం.

1960లలో డేవిడ్ ఎవాన్స్ యూటాలో కంప్యూటర్ విభాగం పెట్టాడు. డబ్బు అమెరికా రక్షణశాఖ పరిశోధనా సంస్థ ఆర్పాది. 1968లో సదర్లాండ్ కూడా వచ్చి చేరాడు. అప్పట్లో వంపు తిరిగిన వస్తువును చిన్న చిన్న పలకలుగా విడగొట్టి, ఒక్కో పలకకు ఒక్కో షేడ్ వేసేవారు. పలకలు ఎంత చిన్నవి చేసినా అతుకులు కొట్టొచ్చినట్టు కనిపించేవి. అందులో సగం తప్పు మన కంటిదే. రెండు షేడ్లు కలిసే చోట మన చూపు ఆ తేడాను ఉన్నదానికంటే పెంచి చూపిస్తుంది. ఎర్న్‌స్ట్ మాఖ్ 1865లోనే ఈ సంగతి రాశాడు.

గూరో దీనికి విరుగుడు కనిపెట్టాడు. పలక మొత్తానికి ఒకే షేడ్ ఎందుకు? మూలల దగ్గర మాత్రం వెలుగు లెక్కగట్టి, మధ్యలో ఒక మూల నుంచి ఇంకో మూలకు మెల్లగా మారేలా చేస్తే చాలు. ఇది పనిచేస్తుందని చూపడానికి సిల్వీ ముఖం మీద గీతలు గీసి, ఫొటోలు తీసి, ఆ గీతలు కలిసే బిందువులను కంప్యూటర్‌కు ఎక్కించాడు. ముఖం నునుపు తేలింది.

మరుసటి ఏడు సదర్లాండ్ శిష్యులు మార్షా ఫోక్స్‌వాగన్ బీటిల్ మీద పడ్డారు. ముగ్గు వేసినట్టు కారంతా చుక్కలు పెట్టి, గీతలతో కలిపి, ఒక్కో చుక్క ఎక్కడుందో కర్రలు పట్టి కొలిచారు. ఆ పనిలో చెయ్యి వేసినవాళ్ళలో ఒకడు బుయ్ తువాంగ్ ఫోంగ్. నా దృష్టిలో ఈ కథకు నాయకుడు అతనే.

ఫోంగ్ 1942లో హనోయిలో పుట్టాడు. వియత్నాం రెండు ముక్కలైన 1954లో సైగాన్ చేరాడు. 1964లో చదువుకోసం ఫ్రాన్స్‌కూ, 1971లో యూటాకూ వెళ్ళాడు. గూరో పద్ధతిలోని లొసుగు అతని కంటపడింది. మూలల దగ్గరే లెక్క చేస్తే, పలక మధ్యలో పడాల్సిన తళుకు మాయమైపోతుంది. అందుకని వెలుగును కాక, తలం ఎటు తిరిగి ఉందో ఆ దిశను మూల నుంచి మూలకు మెల్లగా మార్చుకుంటూ పోయి, ప్రతి పిక్సెల్ దగ్గరా వెలుగు కొత్తగా లెక్కగట్టాడు.

ఆ వెలుగును మూడు పాళ్ళుగా కలిపాడు. అంతటా సమానంగా పరుచుకునే వెలుతురు ఒకటి. లాంబర్ట్ సూత్రం ఇచ్చేది రెండోది. నున్నని వస్తువు మీద చటుక్కున మెరిసే తళుకు మూడోది. ఈ మూడోదానికి అతను వాడింది ఒక కొసైన్ విలువను దానితోనే పదేపదే గుణించడం. గుణకారాలు తక్కువైతే తళుకు వెడల్పుగా, మందంగా ఉంటుంది. ఎక్కువైతే చిన్నదై సూదిలా మెరుస్తుంది. ఇందులో భౌతికశాస్త్రం కంటే ఉపాయమే ఎక్కువ. అచ్చమైన వాస్తవం తన లక్ష్యం కాదని, చూసేవారికి నిజమనిపించేంత దగ్గరికి వస్తే చాలని ఫోంగ్ తన వ్యాసంలో దాపరికం లేకుండా చెప్పాడు. అంత నిజాయితీ పరిశోధనా పత్రాల్లో అరుదు.

1973లో పీహెచ్‌డీ పూర్తయింది. వ్యాసం 1975 జూన్‌లో అచ్చయింది. చదువుకునే రోజుల్లోనే అతనికి ప్రాణాంతకమైన జబ్బని తేలింది. ముప్పై మూడేళ్ళు నిండకుండా, వ్యాసం అచ్చయిన ఏడే పోయాడు. వియత్నామీయులకూ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. బుయ్ ఇంటిపేరు, ఫోంగ్ పెట్టిన పేరు. లాంబర్ట్, గూరో సూత్రాలు ఇంటిపేర్లతో చలామణీ అవుతుంటే, అతని సూత్రం మాత్రం అమ్మానాన్నలు పిలుచుకున్న పేరుతో నిలిచింది.

ఇక టీపాట్. పరీక్షలకు మంచి వస్తువు దొరకడం లేదని టీ తాగుతూ న్యూవెల్ అంటే, ఎదురుగా ఉన్న టీ సామాను గీయమంది సాండ్రా. అతను గ్రాఫ్ కాగితం మీద గీసి, ఆ వంపులను అంకెల్లోకి దించాడు. ఆ తెల్ల పాట్ మెలిట్టా కంపెనీది. కొన్నది జడ్‌సీఎంఐ అనే దుకాణంలో. 1868లో మోర్మన్ చర్చి పెద్దలు పెట్టిన దుకాణమది. టీ, కాఫీ ముట్టకూడదన్నది మోర్మన్ల నియమం! కొమ్ము, పిడి, మూత, పొట్ట ఉండడంతో తన నీడ తన మీదే పడే ఈ వస్తువు షేడింగ్‌కు చక్కని పరీక్ష. న్యూవెల్ అంకెలను దాచుకోకుండా అందరికీ ఇచ్చేశాడు. వాటిలో పాట్‌కు అడుగు లేదు. అక్కడి మరో పరిశోధకుడు జిమ్ బ్లిన్ ఎత్తు తగ్గించడంతో అది అసలుదానికంటే పొట్టిదైంది కూడా. అమీర్‌పేటలో 3డీ నేర్చుకున్నవాళ్ళు త్రీడీఎస్ మ్యాక్స్‌లో ఒక్క క్లిక్‌తో తెచ్చుకునే టీపాట్ ఇదే.

తర్వాతి కథ వేగంగా నడిచింది. ఫోంగ్ పద్ధతిలో రాగి చెంబు కూడా ప్లాస్టిక్‌లా కనిపించేది. తళుకుకు దీపం రంగే తప్ప లోహం రంగు రాకపోవడమే కారణం. 1977లో బ్లిన్, 1980ల మొదట్లో కుక్, టోరెన్స్ అనే పరిశోధకులు భౌతికశాస్త్రాన్ని లోపలికి తెచ్చి దీన్ని సరిచేశారు. 1986లో జేమ్స్ కజియా వెలుగు రాకపోకలన్నీ ఒకే సమీకరణంలో ఇమిడ్చాడు. ఇప్పటి గేముల్లో కాంతి కిరణాలను అప్పటికప్పుడే వెంబడిస్తున్నారు.

బొమ్మలు మెరుగయ్యాయి, సందేహం లేదు. కానీ వస్తువుకూ దాన్ని కొలిచిన చేతికీ ఉన్న పరిచయం పోయింది. ఇవాళ కారు కావాలంటే మోడల్ కొని డౌన్‌లోడ్ చేసుకుంటారు. అది ఎవరిదో ఎవరికీ పట్టదు. తెర మీది టీపాట్ సరిగ్గా వచ్చిందో లేదో న్యూవెల్ దంపతులకు ఇట్టే తెలిసేది, రోజూ అందులోంచి టీ వంచుకున్నవాళ్ళు కనుక.

అసలు పాట్ ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. గూరో, ఫోంగ్, బ్లిన్ పేర్లు సిలబస్‌లో ఉన్నాయి. సిల్వీ, మార్షా, సాండ్రాల పేర్లు మాత్రం లేవు. గ్రాఫిక్స్ పాఠం చెప్పే మాస్టార్లకు నా విన్నపం ఒక్కటే: బోర్డు మీద ఆ సూత్రాలు రాసేటప్పుడు ఈ ముగ్గురి పేర్లూ ఒకసారి చెప్పండి.