ఋణదాతలే పాలకులు: ఆర్కాటు నవాబు అప్పుల కథ

1776వ సంవత్సరపు వేసవిలో, చెన్నపట్నమున సెయింట్ జార్జి కోటయందలి ఈస్టిండియా కుంఫిణీ ఆలోచనసభ యెదుటికి ఒక దావా వచ్చెను. పాల్ బెన్‌ఫీల్డు అను ఉద్యోగి, సంవత్సరమునకు కొన్ని వందల పౌనులకు మించి జీతము లేనివాడు, తంజావూరు రాజ్యమునుండి తనకు 2,34,000 పౌనులు రావలసియున్నదని విన్నవించుకొనెను. అందు 1,62,000 పౌనులను ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా తన బాకీక్రింద ఆ సీమ శిస్తుమీద వ్రాసియిచ్చెననియు, తక్కిన 72,000 పౌనులను అక్కడి జనులకు పంటల హామీమీద తానే బదులిచ్చితిననియు అతని వాదము. సభవారు మొదట చాలినంత ఋజువు లేదని దీనిని త్రోసిపుచ్చిరి. కొలది వారములలోనే అదే సభలోని అధికసంఖ్యాకులు ఆ తీర్మానమును తలక్రిందు చేసిరి. బెన్‌ఫీల్డు దావా వీగిపోయినచో నవాబు ఇతరులకు వ్రాసియిచ్చిన పత్రములు సైతము విలువ కోల్పోవును; ఆ యితరులలో కోటయందలి ఉద్యోగులనేకులుండిరి.

ఈ అప్పులు పెరిగిన తీరును కొంచెము నిదానముగా చూడవలసియున్నది. ఫ్రెంచివారితో యుద్ధములు జరిగిన కాలమున నవాబు పక్షమున పోరాడిన కుంఫిణీ, సేనావ్యయమును అతని లెక్కలో వ్రాసి, తిరుపతి దేవస్థానపు ఆదాయమును కూడ ఆ బాకీక్రింద పట్టుకొనెను. వాయిదా సమీపించినపుడు సొమ్ము చెల్లింపుమని కుంఫిణీ పేర తాకీదు వ్రాయువారును, చేతిలో రొక్కము లేని నవాబునకు చేపాకములోని అతని మహలునకు పోయి తమ సొంత ధనమును అప్పిచ్చువారును ఒకే ఉద్యోగివర్గములోని వారు. తొలిరోజులలో వడ్డీ నూటికి 36 వఱకును ఉండి, పిదప 25కును, 20కిని దిగి, 1767లో బాకీలనన్నిటిని ఒక్కటిగా కూర్చినపుడు 10గా నిర్ణయింపబడెను. అసలు తీర్చు శక్తి లేని నవాబు ఒక్కొక్క తాలూకా శిస్తును ఒక్కొక్క ఋణదాతకు వ్రాసియిచ్చెను. ఆ పత్రమును పట్టుకొని దొరగారి దుబాసీ (దొరల వ్యవహారములు నడుపు దేశీయుడు) శిస్తు వసూలుచేయు అమల్దారు ముంగిట కూర్చుండగా, అమల్దారు షావుకారువద్ద బదులు తెచ్చి దుబాసీకి ముట్టజెప్పి, ఆ బదులును వడ్డీతోకూడ రైతు కళ్ళములో పోసిన ధాన్యపురాశినుండి రాబట్టుకొనవలసివచ్చెను. చెరువుకట్టకు మన్ను వేయించుటకుగాని, మరుసటియేటి విత్తులకుగాని ఆ రాశిలో ఏమి మిగులునో పత్రము వ్రాసినవానికి పట్టలేదు, వ్రాయించుకొన్నవానికిని పట్టలేదు. నవాబు ఏలుబడిలోనున్న మన నెల్లూరుసీమయు ఈ పాలనలోనిదే.

లార్డు పిగట్టు రెండవమారు గవర్నరుగా 1775 డిసెంబరులో వచ్చి, అంతకు రెండేండ్ల క్రిందట కుంఫిణీ సేన నవాబుకొఱకు ఆక్రమించిన తంజావూరును లండనులోని కుంఫిణీ డైరెక్టరుల ఉత్తరువు ననుసరించి రాజు తుళజాజీకి మరల అప్పగించినందున, ఆ సీమ శిస్తుమీది బెన్‌ఫీల్డు దావా చిక్కు బయటపడినది. పిగట్టు నిష్కళంకుడని నేననను. మొదటి పర్యాయము గవర్నరుగానుండి విశేషధనముతో స్వదేశమునకు పోయినవాడే. కాని ఈ దావాను మాత్రము అతడు గట్టిగా నెదిరించి, ప్రతిపక్షమునకు చెందిన ఇద్దరు సభాసదులను తొలగింపబూనెను. 1776 ఆగస్టు 24వ తేదీన, ఆ పగలు అతని పంక్తిని భుజించిన కర్నల్ జేమ్స్ స్టూవర్టే, సాయంకాలము అతని బండిలో ప్రక్కన కూర్చుండి పోవుచు, దారిలో సిపాయీలచేత ఆపించి అతనిని బంధించెను. నిర్బంధములోనే 1777 మే 11న పిగట్టు మరణించెను. గవర్నరును చెఱబట్టినవారు శాసనరక్షణమే తమ ఉద్దేశమని వ్రాసికొనిరి. వారిలో నలుగురికి ఇంగ్లండు న్యాయస్థానము విధించిన శిక్ష తలకొక వేయి పౌనుల జుల్మానా.

ఉత్తరసర్కారుల సంగతియు ఇట్టిదే. అచ్చటి జమీందారీల స్థితిగతులను గ్రామసీమలలో తిరిగి విచారించుటకు డైరెక్టరులు సర్క్యూటు కమిటీ నేర్పరుపగా, 1778లో గవర్నరుగా వచ్చిన సర్ థామస్ రంబోల్డు దానిని రద్దుచేసి, జమీందారులను చెన్నపట్నమునకే రప్పించెను. వందల మైళ్ళు ప్రయాణించి వచ్చిన జమీందారు గవర్నరుతో ఏకాంతముగా ఒడంబడిక చేసికొనుటయే పద్ధతియైనచోట రైతు మాట వినువారెవరు? గుంటూరు సర్కారును సైతము, నైజాము మనస్సు నొచ్చునని యెఱిగియు, ఆర్కాటు నవాబునకే కౌలుకిచ్చిరి. రంబోల్డును డైరెక్టరులు తొలగించిరి. పార్లమెంటులో అతనిపై ప్రవేశపెట్టబడిన బిల్లు నేర మిదమిత్థమని తేలకయే వీగిపోయెను. అతడును పార్లమెంటు సభ్యుడే.

దొరలను మాత్రమే నిందించి మనవారిని విడుచుట న్యాయము కాదు. 1789లో తాత్కాలికముగా గవర్నరైన జాన్ హాలండునకు దుబాసీయైన అవధానము పాపయ్య, రెవెన్యూ బోర్డులోని హాలీబర్టన్ అను ఉద్యోగిపై కుట్ర పన్నిన నేరమునకు 1792లో శిక్షింపబడెను. అధికారమును అంగడిసరకుగా చేసినవారికి మన భాష తెలిసినవారి సాహాయ్యము లేకున్నచో ఇంత సాగియుండదు.

లండనులో జరిగినది మరింత బాధాకరము. 1780లో హైదరాలీ దండయాత్రచే కర్ణాటకదేశము బూడిదయై, ఆ వెనుకనే క్షామము వచ్చినది. 1784లో ప్రధానమంత్రి పిట్టు చేయించిన శాసనము నవాబు అప్పులలో నిజమెంతయో విచారింపవలెనని స్పష్టముగా చెప్పినను, హెన్రీ డండాసు నడపిన, కుంఫిణీ వ్యవహారములపై పెత్తనముగల నియంత్రణసంఘము ఆ విచారణ లేకయే బాకీలన్నిటిని అంగీకరించి, సంవత్సరమునకు 12 లక్షల వరహాలు చెల్లింపవలెనని ఆజ్ఞాపించెను. విచారణ కోరుచు డైరెక్టరులు సిద్ధపఱచిన లేఖ సైతము మార్చబడినది. బెన్‌ఫీల్డు అప్పటికే ఒకమారు పార్లమెంటు సభ్యుడైయుండెను. అతడు తన సొమ్ముతో మఱికొందరినికూడ సభలోనికి తెచ్చి మంత్రులకు అండయైనాడని ఎడ్మండ్ బర్కు 1785 ఫిబ్రవరి 28న కామన్సు సభలో నిలిచి దీర్ఘముగా ప్రసంగించి ఆరోపించెను. ఎండిన చెరువులను, పాడువడిన పల్లెలను ఆ సభవారికి కన్నులకు కట్టించిన ఆ ప్రసంగమును చదివినపుడు, తాను చూడని దేశపు రైతుకొఱకు అంతగా పరితపించిన ఆ పరదేశియందు నాకు గౌరవము కలుగును. అయినను సభ అతని మాటను మన్నింపలేదు.

1801లో కర్ణాటకము కుంఫిణీ వశమయ్యెను. ఇక నవాబు బాకీలు కుంఫిణీ ఖజానానుండియే తీర్పవలసివచ్చుటచే, 1805లో పత్రము వెంట పత్రమును పరీక్షించుటకు ప్రత్యేక విచారణాధికారులు నియమింపబడిరి. దశాబ్దములు సాగిన ఆ విచారణలో, వారి యెదుటికి వచ్చిన దావాల మొత్తము సుమారు 3 కోట్ల పౌనులు కాగా, న్యాయమైనవని ఒప్పుకొనబడినవి సుమారు 27 లక్షల పౌనులు మాత్రమే.