ఏడు మార్కులూ, తలరాతా

పిల్లవాడు చదవలేకపోతే మన ఇళ్ళలో రెండే తీర్పులు. ఒకటి బద్ధకం, రెండోది పూర్వజన్మ కర్మ. రెండింటికీ ఆధారం అక్కర్లేదు.

కలకత్తా విశ్వవిద్యాలయం 1858లో మొదటిసారి బి.ఏ. పరీక్ష పెట్టింది. అన్నిట్లో నెగ్గినవారు ఒక్కరూ లేరు. ఆరింటిలో ఐదు బాగా రాసి, ఆరోదానిలో ఏడు మార్కులకు మించకుండా తగ్గిన ఇద్దరికి ప్రత్యేకంగా పట్టా ఇచ్చారు. వారు బంకించంద్ర చటర్జీ, జదునాథ్ బోస్. బంకించంద్రకు చదువులో లోపం ఉందని నేననడం లేదు. పోయినవారికి రోగనిర్ధారణ చేయడం హేతువాదం కాదు. ఒక్క సబ్జెక్టులో తగ్గితే మనిషే తక్కువని ఆనాటి పరీక్షకులు తేల్చలేదన్నదే నా మాట.

రక్షణశాఖ లెక్కల్లో నా సర్వీసంతా గడిచింది. మొత్తం చూసి ఖాతా సరిగా ఉందనకూడదు, పద్దు పద్దూ తనిఖీ చేయాలి. పిల్లల విషయమూ అంతే.

1905లో పారిస్‌లో బినే, సిమన్ తొలి బుద్ధి పరీక్షను తయారుచేశారు. ప్రత్యేక బోధన ఎవరికి కావాలో తెలుసుకోవడమే దాని లక్ష్యం. తెలివి మారని కొలత అనే వాదాన్ని బినే స్వయంగా ఖండించాడు. ఆ తర్వాత అమెరికాలో గొడార్డ్ లాంటివారు అదే పరీక్షతో మనుషులకు ముద్రలు వేశారు. పనిముట్టు కాస్తా జాతకమైంది!

మనదేశంలో తొలి మనస్తత్వశాస్త్ర విభాగం 1916లో కలకత్తాలోనే, నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆధ్వర్యంలో మొదలైంది. తెలివి బాగానే ఉండి చదవడం, రాయడం, లెక్కల్లో మాత్రమే ఇబ్బంది పడేవారిని వేరుగా గుర్తించాలన్న ఆలోచన మన చట్టంలోకి రావడానికి మరో వందేళ్ళు పట్టింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని చేర్చింది. 2018 మార్గదర్శకాలు బెంగళూరు నిమ్‌హాన్స్ పరీక్షలను పేర్కొన్నాయి.

ఇక్కడొక చిక్కుంది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో ఇంగ్లీషు నడిచే ఖరగ్‌పూర్ పిల్లవాణ్ణి ఇంగ్లీషులో మాత్రమే పరీక్షిస్తే బయటపడేది లోపమా, భాష రాకపోవడమా? మానేసర్ జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో హిందీ, మరాఠీ, కన్నడ భాషల్లో కూడా డిస్లెక్సియా పరీక్షలు తెచ్చింది ఇందుకే.

మరోపక్క వేలిముద్రలు చూసి తెలివి చెబుతామనే వ్యాపారం జోరుగా సాగుతోంది. వేలి గీతలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి. వాటికీ చదువుకీ సంబంధం లేదు. ఇది హస్తసాముద్రికమే, కంప్యూటర్ మాత్రం కొత్తది.

కాబట్టి ఏ పరీక్షనైనా మూడు ప్రశ్నలడగండి. ఏం కొలుస్తోంది? ఏ భాషలో? ఫలితం వచ్చాక బడిలో పిల్లవాడికి ఏం సాయం చేస్తారు? మూడోదానికి జవాబు లేని పరీక్ష వట్టి ముద్రే.