రక్తనాళాలలో ఎముక

శవపరీక్ష చేసే వైద్యుని కత్తి ఆరోగ్యవంతమైన ధమనిని రబ్బరు గొట్టాన్ని కోసినంత సులువుగా కోస్తుంది. కాని ఒక్కొక్కప్పుడు కత్తికి గరగరమని ఏదో తగులుతుంది. నాళపు గోడ గుడ్డుపెంకు వలె పెళుసై, వంచితే విరుగుతుంది. పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులకు ఇది తెలియని విషయం కాదు. ముసలితనంలో ఇటువంటి మార్పులు సహజమేనని వారు సరిపెట్టుకున్నారు. అయితే పాతికేళ్ళ యువకుని ధమనులలో కూడా ఇదే కనబడితే ఏమనుకోవాలి? ఆ యువకునికి మూత్రపిండాలు చెడిపోయి ఉండడానికీ, నాళాలు గట్టిపడడానికీ సంబంధమేమిటి?

1827లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, ఒళ్ళు నీరుపట్టి, మూత్రంలో ఆల్బుమిన్ పోతున్న రోగులలో మూత్రపిండాలు చెడిపోయి ఉంటాయని చూపాడు. చాలాకాలం ఆ జబ్బుకు బ్రైట్ వ్యాధి అనే పేరే ఉండేది. 1855లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్ఖో, ఎముకలు శిథిలమైన రోగులలో ఊపిరితిత్తుల వంటి మెత్తని అవయవాలలో సున్నపు పదార్థం చేరుతుందని వర్ణించాడు. ధమనుల గోడలలో కనిపించే గట్టి పలకలు ఉత్త సున్నపు మేట కావనీ, నిజమైన ఎముకేననీ కూడా ఆయన అభిప్రాయపడ్డాడు. ఈ రెండవ మాటను తర్వాతి తరాలవారు అంతగా పట్టించుకోలేదు.

పట్టించుకోకపోవడానికి కారణం లేకపోలేదు. అంతకంటె తేలికైన సమాధానం ఒకటి చేతికి అందుబాటులో ఉన్నది. ఉప్పునీటి బావి నీళ్ళు రోజూ కాచే పాత్ర అడుగున తెల్లని పొర కడుతుంది. రక్తంలో కాల్షియం, ఫాస్ఫేటు రెండూ కరిగి ఉన్నాయి. ఈ రెండింటిలో ఒకటి మితిమీరితే, రెండూ కలిసి గట్టిపడి నాళాల గోడలకు అంటుకుంటాయి. మరి ఇందులో ఆశ్చర్యమేమున్నది? ఇదీ ఆనాటి తర్కం. దీనిని బట్టి చూస్తే ధమని వట్టి గొట్టం, సున్నం వట్టి మేట. ఈ తర్కం పూర్తిగా తప్పు కాదు. కాని సగమే నిజం.

ఏది మితిమీరిందో తెలియాలంటే ముందు దానిని కొలవాలి. రక్తంలో ఫాస్ఫేటును నమ్మకంగా కొలిచే పద్ధతి 1925లో హార్వర్డు విశ్వవిద్యాలయం నుండి వెలువడింది. దానిని రూపొందించినవారు ఇద్దరు: సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగువారికి సుబ్బారావు అనగానే రక్తహీనతకు మందైన ఫోలిక్ ఆమ్లం గుర్తుకు వస్తుంది. కాని 1895లో భీమవరంలో పుట్టిన ఈ వైద్యుని పేరు ప్రపంచంలోని ప్రయోగశాలలకు మొట్టమొదట పరిచయమైంది ఈ కొలత ద్వారానే. పద్ధతి చాల సులభమైనది. రక్తంలోని మాంసకృత్తులను ఆమ్లంతో విడదీసి, మిగిలిన తేట ద్రవానికి అమోనియం మాలిబ్డేటు కలుపుతారు. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కూడుకొంటుంది. దానికి క్షయకరణం చేసే మరొక ద్రవ్యాన్ని చేర్చగానే చక్కని నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. దానిని తెలిసిన ప్రమాణపు రంగుతో పోల్చి లెక్కకట్టడమే తరువాయి. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను ఫిస్క్, సుబ్బారావులు ప్రకటించగలిగారంటే, దానికి ఈ నీలిరంగే కళ్ళయింది.

పెద్దవారిలో 100 మిల్లీలీటర్ల రక్తద్రవంలో సుమారు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాముల భాస్వరం ఫాస్ఫేటు రూపంలో ఉంటుంది. మూత్రపిండాలు చెడినవారిలో అది 6, 7, అంతకంటె పైకి కూడా పోతుంది. దాని వెంట మెడలో అవటు గ్రంథి వెనుక ఉండే చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఉబ్బి, ఎముకలలోని కాల్షియాన్ని రక్తంలోకి లాగుతాయి. ఎముక పలచబడుతుంది, నాళం గట్టిపడుతుంది. ఉండవలసిన చోట లేక, ఉండగూడని చోట చేరుతున్నదన్నమాట.

అయినా చాలాకాలం ఈ సమస్య గ్రంథాలకే పరిమితమైంది. ఎందుకంటే మూత్రపిండాలు పూర్తిగా చెడినవారు నాళాలు గట్టిపడేదాకా బ్రతికేవారు కాదు. 1943లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న హాలెండ్‌లో విల్లెం కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండాన్ని వాడి చూశాడు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి చేతిలో శాశ్వతంగా అమర్చే టెఫ్లాన్ గొట్టాన్ని ప్రవేశపెట్టాడు. దానితో ఏళ్ళ తరబడి రక్తశుద్ధి సాధ్యమైంది. నేడు మూత్రపిండాల వ్యాధికి పేరుపడిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో డయాలిసిస్ అన్న మాట సామాన్యులకు కూడా సుపరిచితమే.

అయితే ఈ యంత్రం లెక్క ఒకచోట తప్పుతుంది. మనిషి రోజుకు తినే ఆహారంలో సుమారు ఒక గ్రాము భాస్వరం ఉంటుంది. అందులో నూటికి అరవై వంతులు ఒంటికి పడతాయనుకుంటే వారానికి నాలుగు గ్రాములు దాటుతుంది. వారానికి మూడుమార్లు, నాలుగేసి గంటలు చేసే శుద్ధిలో పోయేది ఇంచుమించు మూడు గ్రాములకు లోపే. మిగిలినది రక్తంలోనే నిలుస్తుంది. బ్రతికిన రోగుల కీళ్ళ చుట్టూ, నాళాల గోడలలో సున్నం చేరసాగింది.

దీనికి వైద్యులు ఆలోచించిన ఉపాయం తెలివైనదే. ఆమ్లపిత్తానికి వాడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ప్రేగులలోనే ఫాస్ఫేటును పట్టుకొని మలంతో బయటికి తీసుకుపోతుంది. అల్యూమినియం ఒంటికి పట్టదని అందరూ నమ్మారు. కాని 1970ల నాటికి డయాలిసిస్ రోగులలో కొందరికి మాట తడబడడం, మూర్ఛలు, మతిభ్రమణ, చివరకు మరణం సంభవించసాగాయి. 1976లో డెన్వర్ వైద్యుడు అలెన్ ఆల్‌ఫ్రే బృందం చనిపోయిన రోగుల మెదడులో అల్యూమినియం అధికంగా ఉన్నట్లు ప్రకటించింది. అది కొంత మందు నుండీ, కొంత శుద్ధికి వాడిన నీటి నుండీ వచ్చింది. సామాన్యులలో కొద్దిపాటి అల్యూమినియాన్ని బయటికి పంపేవి మూత్రపిండాలే. ఆ మూత్రపిండాలు లేనివారికే ఈ మందు ఇచ్చారు.

అప్పుడు అల్యూమినియాన్ని వదలి కాల్షియం కార్బొనేటు, అంటే సుద్ద, వాడడం మొదలుపెట్టారు. అదీ ఫాస్ఫేటును పట్టుకుంటుంది. చవక. ఎముకకు బలమని కూడా అనుకున్నారు. ఫలితం 2000లో బయటపడింది. లాస్ ఏంజెలెస్‌లో విలియం గుడ్‌మన్ బృందం, కొట్టుకుంటున్న గుండెను అతివేగంగా చిత్రించగల ఎక్స్‌రే యంత్రంతో 39 మంది పిన్నవయస్సు డయాలిసిస్ రోగులను పరీక్షించింది. ఇరవై ఏళ్ళ లోపు వారు 23 మంది. వారిలో ఎవరి గుండె ధమనులలోను సున్నం లేదు. ఇరవై నుండి ముప్ఫై లోపు వారు 16 మంది. వారిలో 14 మందికి ఉన్నది. అదే వయస్సు ఆరోగ్యవంతులు 60 మందిలో ముగ్గురికి మాత్రమే కనిపించింది. సున్నం పట్టినవారు మందు రూపంలో రోజూ మ్రింగిన కాల్షియం, పట్టనివారు మ్రింగినదానికి దాదాపు రెట్టింపు. అంతకు రెండేళ్ళ ముందే, 1998లో, అల్యూమినియం గాని కాల్షియం గాని లేని సెవెలమర్ అనే మందు అమెరికాలో అనుమతి పొందింది.

కాని పిల్లలకు పట్టనిది పాతికేళ్ళకు ఎందుకు పట్టింది? రక్తంలో ఫాస్ఫేటు ఎక్కువైనా కొందరికి ఎందుకు పట్టలేదు? వట్టి మేట అయితే అందరి నాళాలలోను ఒకేలా పేరుకోవాలి గదా! 1997లో హ్యూస్టన్‌లో జెరార్డ్ కార్సెంటీ బృందం చేసిన ప్రయోగం ఇక్కడ గొప్ప వెలుగు ప్రసరించింది. ధమని గోడలలో సహజంగా ఉండే మాట్రిక్స్ గ్లా ప్రోటీన్ అనే మాంసకృత్తు తయారు కాకుండా చుంచెలుకలలో జన్యువును తొలగించారు. ఆ చుంచెలుకల రక్తంలో ఫాస్ఫేటును పెంచకపోయినా, ధమనులు గట్టిపడి పగిలి రెండు నెలలలోపే అవి చనిపోయాయి. అంటే సున్నం పట్టడం కంటె, పట్టకుండా ఉండడమే ధమని నిత్యం శ్రమపడి చేసుకొనే పని. ఈ మాంసకృత్తు పనిచేయడానికి విటమిన్ కె కావాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ ఆ విటమిన్‌కు అడ్డుతగులుతుంది. 1998లో పాల్ ప్రైస్ బృందం ఎలుకలకు వార్ఫరిన్ ఇచ్చినప్పుడు వాటి ధమనులలో వేగంగా సున్నం చేరింది.

2000లో సియాటిల్‌లో సెసిలియా జాకెల్లీ ప్రయోగశాలలో మానవ బృహద్ధమనిలోని నునుపు కండర కణాలను గాజుపాత్రలో పెంచారు. సామాన్య రక్తంలో ఉండేంత ఫాస్ఫేటు ఉన్న ద్రవంలో అవి కండర కణాలుగానే ఉన్నాయి. మూత్రపిండ రోగుల రక్తంలో ఉండేంత ఫాస్ఫేటులో అవి ఎముక కణాలకు చెందిన మాంసకృత్తులను తయారుచేస్తూ, చుట్టూ సున్నాన్ని పేర్చుకోసాగాయి. కణంలోకి ఫాస్ఫేటు ప్రవేశించే ద్వారాన్ని మందుతో మూస్తే ఈ మార్పు ఆగింది. విర్ఖో అన్నట్లు అది ఎముకే. దానిని కట్టినది నాళమే.

జపానులో మాకోటో కురో ఒ 1997లో వర్ణించిన ఒక చుంచెలుక జాతి కథ కూడా ఇటువంటిదే. క్లోతో అనే జన్యువు లోపించిన ఆ చుంచెలుకలు పసితనంలోనే ముసలివై, నాళాలు గట్టిపడి రెండు నెలలలో చనిపోయేవి. ఫాస్ఫేటును బయటికి పంపమని ఎముక మూత్రపిండానికి పంపే ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోను సందేశాన్ని అందుకోవడానికి ఈ క్లోతో అవసరమని తర్వాత తెలిసింది. వాటికి భాస్వరం తగ్గించిన తిండి పెడితే చాలా లక్షణాలు వెనక్కు తగ్గాయి.

కనుక ఇప్పుడు పరిశోధకుల దృష్టి మళ్ళీ కంచం మీదికి వచ్చింది. పప్పుధాన్యాలలో భాస్వరం ఎక్కువనే కారణంతో మూత్రపిండ రోగులకు పప్పు తగ్గించమనేవారు. కాని పప్పులో భాస్వరం చాలావరకు ఫైటేటు రూపంలో బందీగా ఉంటుంది. దానిని విప్పే ఎంజైము మనిషి ప్రేగులలో ఇంచుమించు లేదు. నిలవ ఆహారాలలో, కోలా పానీయాలలో కలిపే ఫాస్ఫేటు లవణాలు మాత్రం దాదాపు పూర్తిగా ఒంటికి పడతాయి. 2011లో షారన్ మో బృందం తొమ్మిదిమంది రోగులకు ఒక వారం శాకాహారం, ఒక వారం మాంసాహారం, రెండింటిలోను భాస్వరం సమానంగా ఉండేట్లు పెట్టి చూసింది. శాకాహారం తిన్న వారంలో రక్తంలోని ఫాస్ఫేటు తక్కువగా ఉన్నది. తొమ్మిదిమందితో చేసిన ప్రయోగం చిన్నదే. పప్పులో పొటాషియం సంగతి కూడా వైద్యుడు చూసుకోవాలి. అయినా డబ్బాలో అమ్మే ఆహారాన్నీ, ఇంటి పప్పునూ ఒకే గీత కింద చేర్చిన పాత పథ్యపు పట్టికలను మార్చే పని అప్పటి నుండి సాగుతూనే ఉన్నది.