అగ్నివీర్‌గా సెలెక్ట్ అయ్యారా? ట్రైనింగ్ సెంటర్‌కు పెట్టెలో ఏం సర్దుకోవాలి, ఏం ఇంట్లోనే వదిలేయాలి.. పూర్తి వివరాలు

రన్నింగ్ అయిపోయింది, మెడికల్ అయిపోయింది, ఫైనల్ మెరిట్ లిస్టులో నంబర్ కూడా వచ్చేసింది. ఇక మిగిలింది ట్రైనింగ్ సెంటర్‌కు బయల్దేరడమే. సరిగ్గా ఇక్కడే చాలా ఇళ్లలో హడావుడి మొదలవుతుంది. ఒకరు దుప్పట్లు కొనమంటారు, ఇంకొకరు కొత్త ఫోన్ కొనిస్తామంటారు, అమ్మమ్మ ఆవకాయ జాడీ కట్టేస్తుంది. తీరా బయల్దేరే రోజు చూస్తే పెట్టె నిండిపోయి ఉంటుంది కానీ, అసలు కావాల్సిన కాగితం మాత్రం కాలేజీలోనే ఉండిపోతుంది.

ఆర్మీ అగ్నివీర్ బేసిక్ ట్రైనింగ్‌కు వెళ్లేవాళ్లు ఏం తీసుకెళ్లాలి? దేనికి డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఈ విషయం తెలుసుకోండి

అగ్నిపథ్ పథకాన్ని కేంద్రం 2022 జూన్ 14న ప్రకటించింది. తెలుగు రాష్ట్రాల నుంచి సెలెక్ట్ అయ్యేవాళ్లకు సికింద్రాబాద్, గుంటూరు, విశాఖపట్నంలోని ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసులు, అంటే ఏఆర్ఓలు, రిపోర్టింగ్ తేదీ చెబుతాయి. అక్కడి నుంచి ఏ సెంటర్‌కు వెళ్లాలన్నది కేటాయించిన రెజిమెంట్, ట్రేడ్ మీద ఆధారపడి ఉంటుంది. కొందరికి హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్, కొందరికి సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్ లేదా ఏఓసీ సెంటర్, మరికొందరికి బెంగళూరు, నాసిక్, జబల్‌పూర్, తమిళనాడులోని వెల్లింగ్టన్ ఇలా ఎక్కడైనా పడొచ్చు.

ఆర్టిలరీ సెంటర్ లాంటి చోట్ల శిక్షణ సుమారు 31 వారాలు ఉంటుంది. మొదటి 10 వారాలు బేసిక్ మిలటరీ ట్రైనింగ్, తర్వాతి 21 వారాలు అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్. సర్దుకోవాల్సింది ముఖ్యంగా ఆ మొదటి 10 వారాల కోసమే.

యూనిఫాం, బూట్లు, పరుపు, తిండి, వసతి, వైద్యం అన్నీ ఆర్మీయే చూసుకుంటుంది. సబ్బు, పాలిష్, బ్లేడ్ల లాంటివి లోపల క్యాంటీన్‌లో దొరుకుతాయి. కాబట్టి పెళ్లికి సారె సర్దినట్టు సర్దాల్సిన పని లేదు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.. జాయినింగ్ లెటర్‌తో వచ్చిన లిస్టే ఫైనల్. కింద చెప్పినవాటిలో ఏదైనా ఆ లిస్టుకు తేడాగా ఉంటే లిస్టునే ఫాలో అవ్వాలి.

బట్టల కంటే ముందు కాగితాలు

బనియన్ మర్చిపోతే లోపల కొనుక్కోవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్ మర్చిపోతే మాత్రం వ్యవహారం అంతా ఆగిపోతుంది. అందుకే మొదట రెడీ చేయాల్సింది ఫైలే.

- టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ.. అన్నీ ఒరిజినల్స్
- ఆధార్ కార్డు, పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్
- నివాస, కుల ధ్రువీకరణ పత్రాలు
- స్కూల్ లేదా కాలేజీ ఇచ్చిన క్యారెక్టర్ సర్టిఫికెట్, సర్పంచ్ ఇచ్చిన క్యారెక్టర్ సర్టిఫికెట్
- అవివాహిత ధ్రువీకరణ పత్రం
- ఎన్‌సీసీ, స్పోర్ట్స్ సర్టిఫికెట్లు ఉంటే అవి కూడా
- అడ్మిట్ కార్డు, జాయినింగ్ లెటర్
- పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు కనీసం 20

సర్పంచ్ ఇచ్చే క్యారెక్టర్, అవివాహిత సర్టిఫికెట్లు ఆరు నెలల లోపువే చెల్లుతాయి. ర్యాలీ టైమ్‌లో తీసుకున్నవి జాయిన్ అయ్యేసరికి పాతబడిపోయే ఛాన్స్ ఉంది. తేదీ ఒకసారి చూసుకోండి.

మన దగ్గర ఎక్కువగా వచ్చే చిక్కు పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. పాన్ కార్డులో ఇంటిపేరు చివరికి వెళ్లిపోతుంది. తండ్రి పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మనకు ఇది మామూలే కానీ, వేరే రాష్ట్రంలో కూర్చుని కాగితాలు చూసే క్లర్కుకు అవి రెండు వేర్వేరు పేర్లలా కనిపిస్తాయి. టెన్త్ మెమోలో ఎలా ఉందో మిగతా అన్నింట్లోనూ అలాగే ఉండేలా ముందే మార్పించుకోవాలి. ఆధార్ సవరణకు టైమ్ పడుతుంది, ఆఖరి వారంలో పెట్టుకుంటే కుదరదు.

ఫీజు బకాయి ఉందని ఒరిజినల్స్ కాలేజీలోనే ఉండిపోయిన వాళ్లు రిజల్ట్ రాగానే ఆ పని మీద తిరగాలి. జాయినింగ్ లెటర్ చూపించి, ఇంటి పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్తే పని త్వరగా అవుతుంది.

ప్రతి కాగితానికీ మూడు సెట్ల జిరాక్సులు తీయించండి. ఒక సెట్ ఇంట్లో ఉంచండి. ఒరిజినల్స్ ఫైలు పెట్టెలో కాదు, ప్రయాణంలో చేతి సంచిలోనే ఉండాలి. రైల్లో పెట్టె పోయినా ఫైలు మిగులుతుంది.

పెట్టెలో ఉండాల్సినవి

జిప్ బ్యాగుల కంటే తాళం పడే రేకు ట్రంకు పెట్టె చాలా నయం. బ్యారక్‌లో మంచం దగ్గర పెట్టుకోవడానికి అదే వీలు. సెంటర్‌లోనే ట్రంకు ఇస్తామని లెటర్‌లో ఉంటే కొనొద్దు. పెట్టె మీద పేరు పెయింట్‌తో రాయించి, కింద కాస్త ఖాళీ వదలండి. ఆర్మీ నంబర్ లోపలికి వెళ్లాకే ఇస్తారు, అది అక్కడ రాసుకోవచ్చు.

- తెల్ల బనియన్లు, లోదుస్తులు ఆరేసి జతలు
- లిస్టులో చెప్పిన రంగు టీషర్టులు, నిక్కర్లు
- ఒక జత ఫార్మల్ ప్యాంటు, షర్టు
- టవళ్లు రెండు, రబ్బరు చెప్పులు ఒక జత
- షేవింగ్ సెట్, నెయిల్ కట్టర్, బ్రష్, పేస్ట్, బట్టల సబ్బు
- సూదీ దారం, కొన్ని గుండీలు, పిన్నీసులు
- చిన్న టార్చి, పర్మనెంట్ మార్కర్, రెండు తాళాలు
- నోట్‌బుక్కులు రెండు, పెన్నులు

మార్కర్ ఎందుకంటే, దండెం మీద వందల తెల్ల బనియన్లు ఒకేలా ఆరుతుంటాయి. ప్రతి బట్ట మీద లోపలివైపు పేరు రాసుకోకపోతే వారంలో సగం జతలు మాయం. సూదీ దారం కూడా చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, గుండీ ఊడిన చొక్కాతో లైన్‌లో నిలబడితే పనిష్మెంట్ తప్పదు.

చలి బట్టలు సెంటర్‌ను బట్టి చూసుకోవాలి. వెల్లింగ్టన్ నీలగిరి కొండల్లో ఉంటుంది, ఎండాకాలంలోనూ రాత్రిళ్లు చల్లగానే ఉంటుంది. జబల్‌పూర్‌లో డిసెంబర్, జనవరి చలి మన వాళ్లకు కొత్త. అలాంటి చోటికి వెళ్లేవాళ్లు ఒక స్వెట్టర్, ఒక థర్మల్ జత పెట్టుకుంటే మంచిది. గోల్కొండలో పడినవాళ్లకు అంత అవసరం లేదు.

మహిళా అగ్నివీర్‌లకు

ఆర్మీలో మిలటరీ పోలీస్ విభాగంలోకి మహిళా అగ్నివీర్‌లను తీసుకుంటున్నారు. వాళ్లకు బెంగళూరులో శిక్షణ ఉంటుంది. మంచి స్పోర్ట్స్ బ్రాలు కనీసం నాలుగు, రెండు నెలలకు సరిపడా శానిటరీ ప్యాడ్లు, జుట్టు ముడి వేసుకోవడానికి నల్ల నెట్లు, పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసుకెళ్లాలి. శారీరక శ్రమ ఒక్కసారిగా పెరిగినప్పుడు నెలసరి క్రమం తప్పొచ్చు. అలా జరిగితే సిగ్గుపడి దాచకుండా మెడికల్ రూమ్‌లో చెప్పాలి.

పాదాలే అసలు సామాను

మొదటి నెలలో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేవి పాదాలు, మోకాలి కింది ఎముక. కొత్త షూస్ కొని డైరెక్టుగా సెంటర్‌లో వేసుకుంటే రెండో రోజుకే బొబ్బలు వస్తాయి. పీటీ షూస్ మూడు వారాల ముందే కొని, రోజూ వేసుకుని నడవాలి, పరుగెత్తాలి. సాయంత్రం పూట షాపుకెళ్లి, సాక్సు వేసుకునే సైజు చూసుకోవాలి. ఆ టైమ్‌కి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, అసలు సైజు తెలుస్తుంది.

మందపాటి కాటన్ సాక్సులు ఆరు జతలు, ఫంగస్ రాకుండా పౌడర్, కొంచెం బ్యాండేజీ పట్టీలు పెట్టుకోండి. తడి సాక్సు వెంటనే మార్చాలి. గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించుకోవాలి. బొబ్బ వస్తే చిదమొద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు కొట్టిన రోజుకీ, ట్రైనింగ్ మొదలయ్యే రోజుకీ మధ్య నెలల గ్యాప్ వస్తుంది. సెలెక్ట్ అయిపోయాం కదా అని ఆ నెలలు పడుకుంటే, లోపల ఒక్కసారిగా పడే లోడ్‌ను ఎముకలు తట్టుకోలేవు. కాలి ఎముకలో సన్నటి పగుళ్లు వచ్చేది ఇలాంటప్పుడే. అందుకే వారానికి ఐదు రోజులు మెల్లగా పరుగు, కాస్త నడక కొనసాగించాలి. లోపల నొప్పి వస్తే ఎంఐ రూమ్‌కు వెళ్లాలి. బ్యాచ్ వెనకబడతానేమో అని దాచుకుంటే పది రోజుల్లో తగ్గేది నెలల దాకా లాగుతుంది.

ఇవి ఇంట్లోనే వదిలేయండి

బంగారు గొలుసు, ఉంగరాలు, ఖరీదైన వాచీ: పోతే వెతికేవాళ్లు ఉండరు. సాధారణ డిజిటల్ వాచీ చాలు.

ఎక్కువ డబ్బు: దారి ఖర్చులకు, మొదటి కొన్ని రోజులకు సరిపడా ఉంటే చాలు. ఏటీఎం కార్డు ఉంటే మంచిది.

సప్లిమెంట్లు, ప్రొటీన్ డబ్బాలు, పెయిన్ కిల్లర్ స్ట్రిప్పులు: వద్దే వద్దు. రోజూ వాడే మందు ఏదైనా ఉంటే డాక్టర్ చీటీతో సహా వైద్య సిబ్బందికి చూపించాలి.

ఆవకాయ: ప్రయాణంలో తినడానికి చెక్కలు, సున్నుండలు చాలు. నూనె కారే జాడీ పెట్టెలో పెడితే సర్టిఫికెట్ జిరాక్సుల నుంచి తెల్ల బనియన్ల దాకా అన్నీ ఎర్రబడతాయి. పైగా బ్యారక్‌లో తినుబండారాలు ఉంచుకోనివ్వరు.

ఫోన్ సంగతేంటి?

చాలా సెంటర్లలో మొదట్లో ఫోన్ తీసుకుని దాస్తారు, ఆదివారం లాంటి రోజుల్లో కొద్దిసేపు ఇస్తారు. రూల్ సెంటర్‌ను బట్టి మారుతుంది. ఖరీదైన ఫోన్ కొనడం మాత్రం దండగ. అమ్మానాన్నల నంబర్లు నోట్‌బుక్‌లో రాసుకోండి, ఇప్పుడు నంబర్లు ఎవరికీ నోటికి రావడం లేదు.

లోపల ఫొటోలు, రీల్స్ తీయడం పెద్ద తప్పు. 2020లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమని ఆర్మీ తన సిబ్బందిని ఆదేశించింది. సోషల్ మీడియా విషయంలో రూల్స్ ఎంత గట్టిగా ఉంటాయో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. బయల్దేరే ముందు ‘ఫలానా సెంటర్‌కు వెళ్తున్నా’ అని స్టేటస్ పెట్టడం కూడా మానుకోవాలి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట.. వారం రోజులు ఫోన్ రాకపోతే కంగారుపడొద్దు. సెంటర్ అడ్రస్, కంపెనీ పేరు, ఆఫీసు నంబర్ దొరికితే రాసిపెట్టుకోండి.

హిందీ కూడా సర్దుకోవాలి

ఆర్డర్లు, డ్రిల్, క్లాసులు అన్నీ ఎక్కువగా హిందీలోనే నడుస్తాయి. ఉస్తాద్ చెప్పింది అర్థం కాక పక్కవాణ్ని చూసి తిరిగితే అందరికంటే లేటవుతుంది. సావధాన్, విశ్రామ్, దాయే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్ లాంటి డ్రిల్ మాటలు, వందలోపు అంకెలు, పేరు, ఊరు చెప్పుకునే నాలుగు వాక్యాలు నెల రోజుల్లో నేర్చుకోవచ్చు. దీనికి రూపాయి ఖర్చు లేదు. అలాగే పొద్దున్నే నాలుగున్నరకు లేవడం, పదినిమిషాల్లో స్నానం చేసి తయారవడం, రొట్టె పప్పుతో కడుపు నింపుకోవడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోవాలి.

జీతం, మోసాలు

మొదటి ఏడాది నెలకు 30 వేల రూపాయలు. అందులో 9 వేలు సేవా నిధికి పోగా చేతికొచ్చేది 21 వేలు. కాబట్టి కిట్ కోసం వడ్డీకి అప్పు తేవాల్సిన పని లేదు. మొత్తం సర్వీసు నాలుగేళ్లు, ఆ తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్‌గా తీసుకుంటారన్నది పథకం నిబంధన.

‘మంచి సెంటర్ వేయిస్తాం’, ‘కిట్ డబ్బులు కట్టండి’, ‘మెడికల్ మేనేజ్ చేస్తాం’ అంటూ ఫోన్ చేసేవాళ్లు దొంగలే. ఆర్మీ రిక్రూట్‌మెంట్‌కు ఏజెంట్లు ఉండరు. వాట్సాప్‌లో వచ్చిన లెటర్ నమ్మొద్దు. ఆర్మీ అధికారిక వెబ్‌సైట్‌లోని సొంత లాగిన్‌లోనో, ఏఆర్ఓ ఆఫీసుకు నేరుగా వెళ్లో సరిచూసుకోవాలి.

బయల్దేరే ముందు రాత్రి చివరిగా ఐదు చూసుకోండి: ఒరిజినల్స్ ఫైలు చేతి సంచిలో ఉందా? జాయినింగ్ లెటర్ ఉందా? ఫొటోలు ఉన్నాయా? వాడి మెత్తబడిన షూస్ పెట్టారా? పెట్టె రెండో తాళంచెవి విడిగా ఉందా? ఈ ఐదూ ఉంటే మిగతావి ఏవి మర్చిపోయినా లోపల దొరుకుతాయి. ఏ డౌట్ ఉన్నా పక్కింటివాళ్లను కాకుండా మీ ఏఆర్ఓనే అడగండి.