మంజాడి గింజ నుంచి ఎలక్ట్రానిక్ త్రాసు దాకా

గుజరాత్‌లోని సూరత్ నగరం వజ్రాలు సానపట్టడంలో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. వజ్రం బరువును క్యారట్లలో చెబుతారు. ఒక క్యారట్ 200 మిల్లీగ్రాములు. అందులో నూరో వంతు సెంటు, అంటే 2 మిల్లీగ్రాములే! కొద్ది సెంట్ల తేడాతో వజ్రం ధర మారిపోతుంది. మరి ఆ తేడా వజ్రంలో ఉందా, త్రాసులో ఉందా?

ఇది పాత ప్రశ్నే. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే సూరత్ రేవులో దిగి గోల్కొండ రాజ్యానికి వచ్చాడు. కృష్ణా తీరంలోని కొల్లూరు వజ్రాల గనులను చూశాడు. ఈ ప్రాంతంలో వజ్రాలు తూచే ప్రమాణాన్ని 'మాంజెలిన్' అని రాసుకున్నాడు. అది మన మంజాడి, అంటే బండి గురివింద గింజ. క్యారట్ అన్న మాట కూడా కారబ్ చెట్టు గింజ పేరు నుంచే పుట్టింది. కాని గింజలన్నీ ఒకే బరువు ఉండవు. క్యారట్ విలువ కూడా ఒక్కో నగరంలో ఒక్కో తీరుగా ఉండేది. లండన్ క్యారట్ సుమారు 205 మిల్లీగ్రాములు. చివరకు 1907లో పారిస్‌లో జరిగిన తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 200 మిల్లీగ్రాముల మెట్రిక్ క్యారట్‌ను ఆమోదించింది.

ప్రమాణం స్థిరపడింది. ఆ తర్వాత త్రాసు మారింది. రెండు పళ్ల త్రాసులో వస్తువును తూనికరాయితో పోలుస్తాం. గురుత్వాకర్షణ రెండు పళ్లాలపైనా ఒకేలా పనిచేస్తుంది కనుక ఏ ఊళ్లో తూచినా ఫలితం ఒకటే. 1970లలో ప్రయోగశాలలకు వచ్చిన ఎలక్ట్రానిక్ త్రాసు తీరు వేరు. దీని పళ్లెం కింద అయస్కాంత క్షేత్రంలో ఒక తీగచుట్ట ఉంటుంది. వస్తువు పళ్లేన్ని కిందికి నొక్కితే, చుట్టలో ప్రవహించే విద్యుత్తు దాన్ని తిరిగి యథాస్థానంలో నిలుపుతుంది. అందుకు ఎంత విద్యుత్తు కావాలో చూసి త్రాసు బరువు చెబుతుంది. అంటే అది కొలిచేది ద్రవ్యరాశిని కాదు, బలాన్ని!

చిక్కు ఇక్కడే ఉంది. హైదరాబాద్ కంటే సూరత్ భూమధ్యరేఖకు దూరం, సముద్రమట్టానికి దగ్గర. అందువల్ల అక్కడ గురుత్వ త్వరణం రమారమి 0.04 శాతం ఎక్కువ. హైదరాబాద్‌లో సరిచేసిన త్రాసును అలాగే సూరత్ తీసుకుపోతే 100 క్యారట్ల సరుకు దాదాపు 4 సెంట్లు ఎక్కువ తూగుతుంది. త్రాసు చెడిపోలేదు, ఊరు మారిందంతే.

మిగతా చిక్కులకూ కారణాలు తెలుసుకోవచ్చు. అంకెలు నిలవకుండా ఊగుతుంటే ఫ్యాను గాలి తగులుతోందేమో చూడాలి. పొడి వాతావరణంలో వస్తువుకు అంటిన స్థిర విద్యుత్తు కూడా అంకెలను కదిలిస్తుంది. అంకె మెల్లగా జరిగిపోతుంటే త్రాసు ఇంకా వేడెక్కలేదని అర్థం కావచ్చు. స్విచ్ వేయగానే తూచకూడదు. నీటిమట్టంలోని గాలిబుడగ మధ్యలో లేకపోతే త్రాసు ఒరిగి ఉన్నట్టే.

ఇవన్నీ చూశాక, బరువు తెలిసిన తూనికరాయిని పళ్లెంలో ఉంచి సరిచూడాలి. గింజల కాలం పోయింది గాని, పోల్చిచూడవలసిన అవసరం పోలేదు. మీ కళాశాల ప్రయోగశాలలోని త్రాసును ఇలా చివరిసారి ఎప్పుడు సరిచూశారో అడిగి తెలుసుకోండి.